జయపురం చలిలో మొరాయించిన కారు: నా అనుభవం

మూడు వారాలుగా పొద్దున తాళం తిప్పితే టక్ టక్ మనడమే, ఇంజిన్ తిరిగేది కాదు. రాత్రంతా ఛార్జింగ్, కొత్త ఫ్యూజులు, స్టార్టర్ సర్వీసు, ఏదీ పనిచేయలేదు. బ్యాటరీ పోయిందన్నారు. ఈ కొండల చలికి నేనూ నమ్మేశాను.

కొత్తది కొనే ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీని చూస్తే 12.5 వోల్టులు. ఛార్జ్ ఉంది! అప్పుడు మీటర్ ఒక తీగ మొనను బ్యాటరీ సీసపు పోస్టుపై, రెండోది దాన్ని పట్టిన క్లాంపుపై ఆనించి, తమ్ముణ్ణి తాళం తిప్పమన్నాను. అక్కడ దాదాపు సున్నా రావాలి. ప్లస్ వైపు 2 వోల్టులు దాటింది. కరెంటు అక్కడే ఆగిపోతోంది.

తాళం తీసేసి ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పాను. క్లాంపు లోపల నల్లటి పొర, పైకి అసలు కనబడదు. వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాను. ముందు ప్లస్, చివర మైనస్ బిగించి వాజలిన్ రాశాను. అరతిప్పుకే స్టార్ట్ అయింది!

నెలైంది, ఇబ్బంది లేదు. మీ మీటర్ రాత్రి గడిచాక 12.2 కన్నా తక్కువ చూపిస్తే మాత్రం ఈ చిట్కా చాలకపోవచ్చు. అప్పుడు బ్యాటరీకి లోడ్ టెస్ట్ (భారం పెట్టి చూసే పరీక్ష) చేయించండి, బండి నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ చూపించండి.