వీల్‌చైర్ ఒంటికి సరిపోవాలంటే – 3వ పాఠం: సీటు, దిండు

పోయిన పాఠంలో తుంటి వెడల్పు, తుంటి నుంచి మోకాలి మడత వరకు తొడ పొడవు, అక్కడి నుంచి మడమ వరకు కాలి పొడవు కొలిచి రాసుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి కూర్చునే చోటు సరిచేద్దాం. వీపు ఆనే చోటు, చేతులు పెట్టుకునే చోటు తరవాత చూద్దాం. తుంటి నిలకడగా లేకపోతే పైన ఎన్ని దిండ్లు దోపినా మనిషి ఒరిగిపోతూనే ఉంటారు.

మన ఇళ్లలో ఎక్కువగా కనబడేది మడతపెట్టే కుర్చీ. అటూ ఇటూ రెండు గొట్టాలు, వాటి మధ్య బిగించిన రెగ్జిన్ గుడ్డ. ఆస్పత్రిలో ఈ గది నుంచి ఆ గదికి తీసుకెళ్లడానికి అది చాలు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా అందులోనే ఉండే మనిషికి మాత్రం చాలదు. కొన్నాళ్లకు రెగ్జిన్ సాగి, నులక వదులైన మంచంలా నడుమ గుంట పడుతుంది. ఆ గుంటలో కూర్చుంటే మోకాళ్లు రెండూ లోపలికి దగ్గరవుతాయి, తుంటి ఒక పక్కకు దిగుతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి వెన్ను వంకర తిరుగుతుంది. "నాన్న ఎప్పుడూ ఎడమకే వాలిపోతున్నాడు" అనిపిస్తే ముందు సీటు చూడండి. ఖాళీ కుర్చీలో రెండు గొట్టాల మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, మధ్యలో స్కేలుకీ రెగ్జిన్‌కీ ఎంత సందుందో చూడండి. బొటనవేలు దూరేంత సందుంటే సరిచేయాల్సిందే.

దీనికి మందు ఒక చెక్క. వడ్రంగి దగ్గర 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోయించుకోండి. వెడల్పు రెండు గొట్టాల మీదా ఆనేంత ఉండాలి, పక్క రేకులకు రాసుకోకూడదు. లోతు విషయంలో మీ కాగితం చూడండి: తొడ పొడవులోంచి రెండు మూడు వేళ్ల మందం తీసేస్తే వచ్చేదే చెక్క లోతు. మోకాలి వెనక ఆ మాత్రం ఖాళీ లేకపోతే అంచు అక్కడ నొక్కుకుంటుంది, మనిషి దాన్ని తప్పించుకోవడానికి ముందుకు జారతారు. మూలలు, ముందు అంచు గుండ్రంగా చేయించి, గరుకు కాగితంతో రుద్దించి, తడి పీల్చకుండా వార్నిష్ వేయించండి. అడుగున రెండు వెల్క్రో పట్టీలు కొట్టించి గొట్టాలకు చుట్టండి, లేకపోతే మంచం మీద నుంచి కుర్చీలోకి మారేటప్పుడు చెక్క కదిలి పడిపోయే ప్రమాదం ఉంది. కుర్చీ మడిచి ఆటోలో పెట్టాలంటే ముందు చెక్క తీయాలి, అంతే. ఒక్క జాగ్రత్త: దిండు లేకుండా ఈ చెక్క మీద ఎవరినీ, రెండు నిమిషాలకు కూడా, కూర్చోబెట్టకండి.

ఇప్పుడు దిండు. కూర్చున్నప్పుడు మన బరువు చాలామటుకు పిరుదుల్లో ఉన్న రెండు ఎముకల మొనల మీద పడుతుంది. కుర్చీలో కూర్చుని మీ చేతిని మీ పిరుదు కింద పెట్టుకుని చూడండి, గట్టిగా తగిలేది అదే. ఆ ఎముకకూ సీటుకూ మధ్య నలిగిపోయే చర్మానికి రక్తం అందదు. స్పర్శ ఉన్న మనిషి తెలియకుండానే కదులుతూ ఉంటారు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఆ నొప్పే తెలియదు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు నొప్పి తెలిసినా కదల్లేరు. అక్కడే పుండు మొదలవుతుంది. అందుకే "మెత్తగా ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. స్పర్శ లేనిచోట హాయి ఉందో లేదో చేతితో, కంటితో తెలుసుకోవాలి.

మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబు దిండు మందుల షాపులో సులువుగా దొరుకుతుంది, చాలామంది అదే కొంటారు. దయచేసి కొనకండి. కన్నం చుట్టూ ఉన్న అంచు చర్మాన్ని వలయంగా నొక్కి, నడుమ భాగానికి రక్తం రాకుండా చేస్తుంది. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టడం కూడా మంచిది కాదు, ముడతలు గుచ్చుకుంటాయి.

పరుపుల షాపులో రెండు రకాల స్పాంజి అడగండి: అడుగున రెండు అంగుళాల గట్టిది, పైన ఒక అంగుళం మెత్తనిది. పిడికిలితో బరువంతా వేసి నొక్కితే గట్టిది అడుక్కి అంటకూడదు. స్పర్శ లేనివాళ్ల కోసమైతే ఈ గట్టి పొరలో వెనక భాగాన, ఎముకలు దిగే చోట మాత్రం, పళ్లెంలా పైపైన గుంట తీయించాలి. ఎముకల ముందు స్పాంజి ఎత్తుగానే మిగలాలి. మనిషిని ముందుకు జారనివ్వనిది ఆ ఎత్తే. తొడుగు సాగే నూలుగుడ్డతో, కాస్త వదులుగా కుట్టించండి. బిగుతుగా ఉంటే లోపల స్పాంజి ఎంత మంచిదైనా పని చేయదు. మన ఎండాకాలంలో రెగ్జిన్ తొడుగు చెమటకు చర్మాన్ని నానబెడుతుంది. మూత్రం తడి సమస్య ఉంటే స్పాంజికి పల్చని ప్లాస్టిక్ వదులుగా చుట్టి, దాని మీద నూలు తొడుగు వేయండి. తొడుగులు రెండుండాలి.

దిండు సరిపోయిందా అన్నది చూసే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తెచ్చిన వీల్‌చైర్ శిక్షణ పాఠాల్లో ఉంది. ఖర్చు లేనిది. గోళ్లు తీసుకుని, ఉంగరాలు తీసేయండి. "అమ్మా, కింద చెయ్యి పెట్టి చూస్తాను" అని చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చూడండి. ఆమె నిటారుగా కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, ఎదురుగా చూడాలి. మీ అరచెయ్యి పైకి ఉంచి, దిండుకూ పిరుదుకూ మధ్య వేళ్లు దూర్చి ఎముక మొన కిందకు తీసుకెళ్లండి. వేలి కొసలు పైకీ కిందకీ అర సెంటీమీటరైనా ఆడితే ఆ దిండు సరే. ఆడవు కానీ చెయ్యి తేలిగ్గా బయటికి వస్తే అది హెచ్చరిక. వేళ్లు నలిగిపోయి లాగడం కష్టమైతే ఆ దిండు పనికిరాదు. రెండో పక్క కూడా అలాగే చూడండి. రెండు పక్కలా తేడా ఉంటే తుంటి వాలిందన్నమాట, చెక్క, దిండు సమంగా ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోండి. స్పాంజికి ఆయుష్షు ఉంటుంది, కొన్ని నెలలకే అణిగిపోతుంది కాబట్టి ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తుండాలి.

దిండు వేశాక మనిషి మూడంగుళాలు పైకి లేస్తారు, పాదాలు వేలాడతాయి. స్పానర్ తీసుకుని ఫుట్‌రెస్ట్ బోల్టు వదులు చేసి, దాన్నీ పైకి జరపండి. తొడ మొత్తం దిండుకు సమంగా ఆనాలి. మోకాళ్లు మరీ పైకి లేస్తే బరువంతా మళ్లీ ఎముకల మీదికే పోతుంది, పాదాలు అందకపోతే మనిషి జారతారు. నేలకూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య రెండంగుళాలన్నా ఉంటే గడపల దగ్గర తగలదు. ఎత్తు పెరిగిన కుర్చీ వెనక్కి పడే వీలు కూడా కాస్త పెరుగుతుంది. మొదటి కొద్ది రోజులు ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక ఒకరు ఉండండి.

ఎంత మంచి దిండైనా కదలిక అవసరాన్ని తీసేయదు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి రెండు నిమిషాలు ఉండాలి. ముందుకు పడే భయం ఉంటే ఎదురుగా బల్ల పెట్టుకోండి, ఎవరైనా భుజాలు పట్టుకోండి. అదీ కాకపోతే ఒక పక్కకు, తరవాత రెండో పక్కకు వాలాలి. చేతుల మీద ఒళ్లు లేపి అయిదు సెకన్లలో దించేయడం వల్ల రక్తం తిరిగి అందేంత సమయం దొరకదు, పైగా భుజాలు అరుగుతాయి.

రాత్రి మంచం మీదికి మారాక పిరుదులు, ముడ్డిపూస, మడమలు అద్దంతోనో, ఇంట్లోవాళ్ల కంటితోనో చూసుకోండి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లబడిన మచ్చ, వేడి, గట్టిదనం వెతకండి. వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే, లేదా అరగంట తరవాత కూడా అలాగే ఉంటే అది పుండుకు మొదలు. అది పోయేదాకా ఆ చోటు మీద కూర్చోకూడదు. చర్మం చిట్లితే డాక్టరుకు చూపించండి, ఇంటి వైద్యం వద్దు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: కొత్త దిండు మీద మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు కూర్చుని, ప్రతిసారీ దిగాక చర్మం చూసి, కనబడింది కాగితం మీద రాయండి. ఎక్కడ మచ్చ పడిందో బొమ్మ గీసి గుర్తు పెట్టండి. నాలుగో పాఠంలో వీపు ఆనే చోటు సర్దేటప్పుడు ఆ బొమ్మ కావాలి.