స్వీడన్ పల్లెలో ముత్తాతని వెతకాలంటే ఇంటిపేరు పక్కన పెట్టండి
మా కోడలి అమ్మమ్మ వాళ్ళది స్వీడన్‌లో స్మోలాండ్ వైపు పల్లె, వాళ్ళ పాత తరాలు వెతుకుతుంటే తెలిసిన ముక్క ఇది. ఇంటిపేరుతో వెతికితే మాత్రం దొరకరు, అప్పట్లో అక్కడి రైతులకి మనలా ఇంటిపేర్లే లేవు, ఆండర్స్ కొడుకైతే ఆండర్సన్, కూతురైతే ఆండర్స్‌డోటర్, మళ్ళీ వాళ్ళ పిల్లలకి ఇంకో పేరు. ఒకే పారిష్‌లో (అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ళు) అదే పేరుతో బోలెడుమంది తగులుతారు. అందుకే పుట్టిన తేదీ, ఉన్న ఫార్మ్ పేరు, ఈ రెండూ గట్టిగా పట్టుకోండి.

పాస్టర్ గారు ఇంటింటి వాళ్ళకీ మతపాఠం పరీక్ష పెట్టి రాసుకున్న రిజిస్టర్లుంటాయి, హుస్‌ఫర్‌హోర్స్‌లెంగ్డ్ అంటారు (నోరు తిరగదులెండి), అందులో కుటుంబం మొత్తం పనివాళ్ళతో సహా ఒకచోటే ఉంటారు, ఎక్కణ్ణుంచి వచ్చారో ఎటు వెళ్ళారో కూడా చాలాసార్లు రాసుంటుంది, అది పట్టుకుని పక్క పారిష్‌కి పోవడమే. స్కాన్లు స్వీడన్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో 2018 నుంచి ఫ్రీ.

అన్నట్టు, ఉన్నట్టుండి తాతగారి పేరు చివర రాస్క్ అనో మోడిగ్ అనో కనిపిస్తే వేరే మనిషి అనుకోకండి, సిపాయిగా చేరినప్పుడు పెట్టిన పేరై ఉంటుంది.