ప్రింట్ కరెక్ట్‌గా వచ్చిందో లేదో చెక్ చేయాలంటే లైటు, మానిటర్ ఎలా సెట్ చేసుకోవాలి?

స్క్రీన్ మీద ఫొటో అదిరిపోయింది, ప్రింట్ మాత్రం డల్‌గా వచ్చింది అని ల్యాబ్ వాళ్లని తిడుతుంటాం కదా, చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు, మన మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్‌లో ఉంటుంది, ప్రింట్ చూసేదేమో మూలనున్న ట్యూబ్‌లైట్ కింద.

ముందు లైటు సంగతి. ప్రింట్లు చూడ్డానికి ఐఎస్ఓ 3664 అని ఒక స్టాండర్డ్ ఉంది, దాని ప్రకారం లైటు డీ50, అంటే దాదాపు 5000 కెల్విన్ (కెల్విన్ అంటే లైటు రంగు కొలత, నంబర్ పెరిగేకొద్దీ లైటు నీలంగా ఉంటుంది). మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు చాలావరకు 6500, అందుకే స్కిన్ టోన్స్ కాస్త నీలంగా పాలిపోయినట్టు కనిపిస్తాయి. 5000 కెల్విన్ బల్బు కొనేటప్పుడు సీఆర్ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే స్కోరు, 90 పైన ఉందా లేదా బాక్స్ మీద చూడండి, అది రాయని చవక బల్బు జోలికి పోవద్దు. వెలుతురు ఎంత అంటే, రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి సీరియస్‌గా పోల్చడానికి 2000 లక్స్ (ప్రింట్ మీద పడే వెలుతురు కొలత), మామూలుగా చూసి ఓకే చేయడానికి 500. 2000 లక్స్ లాంటి స్ట్రాంగ్ లైటు కింద బాగుంది కదా అని డార్క్ ప్రింట్ పాస్ చేసేస్తే కస్టమర్ హాల్లో అది నల్లగానే కనిపిస్తుంది, కాబట్టి ఫైనల్ నిర్ణయం 500 దగ్గరే తీసుకోండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉజ్జాయింపుగా చెప్తుంది, మొదట్లో అది చాలు.

టేబుల్ మీద, వెనక గోడకి రంగులుండకూడదు, మ్యాట్ గ్రే అయితే బెస్ట్. ఎర్ర చొక్కా వేసుకుని కూర్చున్నా ఆ రంగు ప్రింట్ మీద పడుతుంది, నవ్వకండి, నిజం.

ఇక మానిటర్. అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి, నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్ చేయండి, ఆ తర్వాతే స్పైడర్ లాంటి క్యాలిబ్రేటర్‌తో (స్క్రీన్ మీద పెట్టి రంగు, వెలుగు కొలిచే పరికరం) గామా, అంటే మధ్యస్థ టోన్లు ఎంత వెలుగుగా కనిపించాలో చెప్పే సెట్టింగ్, 2.2కి, బ్రైట్‌నెస్ 100-120 నిట్స్‌కి (స్క్రీన్ వెలుగు కొలత) సెట్ చేయండి. ఇంత తక్కువ ఎందుకంటే, 500 లక్స్ కింద తెల్ల కాగితం నుంచి వచ్చే వెలుగు సుమారు 140 నిట్స్, చాలా మానిటర్లేమో 250 దాకా పోతాయి, డల్‌గా అనిపించక ఏం చేస్తుంది! క్యాలిబ్రేటర్ లేకపోతే స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కనే ఆ లైటు కింద ప్రింట్ పేపర్ పెట్టి, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. రంగు అంత పక్కాగా కుదరదు కానీ డార్క్ ప్రింట్ల గొడవ చాలావరకు పోతుంది.

తర్వాత ల్యాబ్‌ని అడిగి ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటర్, పేపర్ మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) తెచ్చుకుని ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే ఆప్షన్, ఆన్ చేయండి. పేపర్ కలర్ సిమ్యులేషన్ టిక్ పెట్టగానే ఫొటో ఒక్కసారిగా చప్పబడుతుంది, కంగారుపడొద్దు, కాగితం మీద వచ్చేది దాదాపు అదే.

ఇంక్‌జెట్ ప్రింట్ అయితే బయటికి రాగానే తీర్పు చెప్పేయకండి, ఆరాక టోన్ కొంచెం మారుతుంది. బాగా తెల్లగా మెరిసే పేపర్లలో బ్రైట్‌నర్లు, అంటే కాగితాన్ని ఇంకా తెల్లగా చూపించే రసాయనాలు కలుపుతారు, అవి పనిచేయాలంటే యూవీ (అతినీలలోహిత) వెలుగు కావాలి, మామూలు ఎల్ఈడీలో అది దాదాపు ఉండదు కాబట్టి కిటికీ దగ్గర తెల్లగా ఉన్న పేపరే ఎల్ఈడీ కింద కాస్త పసుపుగా కనిపిస్తుంది. అది చూసి ఫైల్‌లో బ్లూ పెంచేయొద్దు.