పడవ ఇంజన్ మార్చే ముందు ఇవి చూడండి

చేపల వేట నిషేధం మొదలవగానే (మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా) భైరవపాలెం నుంచి అంతర్వేది దాకా ఒకటే మాట, ఇంజన్ పాతదైపోయింది, మార్చేద్దామా అని. మార్చండి, కాదనను, కానీ స్టార్ట్ కాకుండా మొరాయించే ఇంజన్లలో చాలావాటికి జబ్బు ఇంజన్‌లో ఉండదు, డీజిల్ లైన్‌లో ఉంటుంది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే సింగిల్ సిలిండర్ ఇంజన్ అయితే ఇదంతా మీరే చూసుకోవచ్చు.

ముందు ట్యాంక్. సగం ఖాళీగా వదిలేస్తే రాత్రి చల్లబడ్డప్పుడు లోపలి గాలిలో తేమ నీరై అడుక్కి దిగుతుంది. పొద్దున్నే, పడవ ఊగకముందే, అడుగున డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లు కింద, డీజిల్ పైన విడివిడిగా కనిపిస్తాయి. ఒట్టి డీజిల్ వచ్చేదాకా వదిలి, పట్టింది మాత్రం ఏట్లో పారబోయకండి. లైనుకి జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపు వేసి ఉంటే తీసేయండి, ఆ పూత డీజిల్‌తో కలిసి మడ్డి కట్టి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కి అడ్డం పడుతుంది.

ఫిల్టర్ మార్చారంటే లైన్‌లోకి గాలి చేరినట్టే. ట్యాంక్ కుళాయి తెరిచి, ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేయండి, నురగ పోయి బుడగల్లేని డీజిల్ వచ్చాక బిగించండి. తర్వాత నాజిల్‌కి డీజిల్ తోసే పంపు దగ్గర అలాగే. చివరికి నాజిల్ దగ్గర నట్టు కొంచెం వదిలి, డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలి హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా చేసేది) ఎత్తి హ్యాండిల్ తిప్పితే డీజిల్ చిమ్ముతుంది, అప్పుడు బిగించండి. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికే. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, అది నేరుగా ఆసుపత్రి కేసు. విప్పిన చోట ఉండే రాగి వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మట్లేదు, లేదా లోడ్ ఎక్కువైంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే డీజిల్ పూర్తిగా మండట్లేదు, లేదా గాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నాయి.

ఇంజన్ ఆపి, లివర్ దించి, హ్యాండిల్ మెల్లగా తిప్పండి, గట్టిగా ఎదురు నిలవాలి. తేలిగ్గా తిరిగిపోతుంటే చెవి పెట్టి వినండి. సైలెన్సర్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి పీల్చే వైపైతే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. ఇవేవీ ఇంజన్ మార్చేంత జబ్బులు కావు, వాల్వు గ్రైండింగో లైనర్ పిస్టన్ సెట్టో చాలు.

అసలు భయపడాల్సింది ఉప్పుకి. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ కిందికి నీళ్లు తగ్గాక, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో బాగా పైకి ఎక్కుతుంది. ఆ నీళ్లతోనే ఇంజన్‌ని చల్లబరిస్తే బ్లాక్ లోపలి దారులు తుప్పు తింటాయి. పడవ కట్టేశాక మంచినీళ్లు పంపి కడగడం ఒక్కటే మందు. బ్లాక్‌కే చిల్లు పడితేనో, క్రాంక్ ఇంకా అరగదీయడానికి వీల్లేనంత సన్నబడితేనో మాత్రం ఇక డబ్బు పోయకండి, కొత్తది తెచ్చుకోండి.

కొత్తది కొనేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి. మన బరువైన చెక్క పడవలు ఒక వేగం దాటాక ఎంత పవర్ ఇచ్చినా వెనక భాగం కూర్చుంటుందే గానీ పడవ పరుగెత్తదు, డీజిల్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), తిరిగే దిశ, ప్రొపెల్లర్ షాఫ్ట్ సైజు, ఇంజన్ కూర్చునే బెడ్ ఎత్తు కొలిచి రాసుకుని షాపుకెళ్లండి.

బిగించాక షాఫ్ట్ ఇంజన్‌తో తిన్నగా ఉందో లేదో ఒడ్డు మీద చూసి వదిలేయొద్దు, నీళ్లలోకి దిగాక చెక్క పడవ ఆకారం కాస్త మారుతుంది. పడవ తేలుతుండగానే ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ చుట్టూ, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టండి, నాలుగంగుళాల కప్లింగ్ అయితే సందులో తేడా 0.1 మి.మీ. దాటకూడదు. షాఫ్ట్ బయటికెళ్లే చోట నీళ్లు రాకుండా కుక్కే గ్లాండ్ ప్యాకింగ్ మరీ బిగించకండి, తిరిగేటప్పుడు ఒక్కో చుక్క పడుతుండాలి, పూర్తిగా ఎండితే షాఫ్ట్ కాలిపోతుంది. కొన్ని గంటలు నడిపాక బెడ్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి, మొదటి ఆయిల్ త్వరగా మార్చేయండి.