దుక్కికి ముందు బోరు కేబుల్ జాగ్రత్తలు

తొలకరి దగ్గర పడింది. భూమిలో వేసిన బోరు మోటారు కేబుల్ తెగకుండా, ట్రాక్టర్ చేలో దిగకముందే ఇవి చూసుకోండి.

స్టార్టర్ ఆపితే చాలదు, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోండి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే తెగిన కేబుల్‌లోకీ సరఫరా వెళ్తుంది. తడి నేలలో అది ప్రాణాలే తీస్తుంది.

కేబుల్ దారి పొడవునా ముగ్గు పోయండి, మలుపుల్లో కర్రలు పాతండి. డ్రైవర్ కొత్తవాడైతే మీరే నడిచి చూపించండి.

కేబుల్ లోతు రెండున్నర అడుగులుండాలి. రోటావేటర్ పైపైనే తిరుగుతుంది, గట్టి అడుగు నేలను చీల్చే సబ్‌సాయిలర్ అడుగున్నర, రెండడుగుల దాకా దిగుతుంది. గట్ల దగ్గర మట్టి కొట్టుకుపోయి కేబుల్ పైకి తేలి ఉంటుంది, అక్కడ తప్పక చూడండి. గడ్డపారతో మాత్రం పొడవకండి.

అతుకులు భూమిలో వద్దు. టేపు చుట్టినా తేమ చేరుతుంది, మోటారు కాలుతుంది.

కేబుల్ వేసిన పైపు చివర్లు మూసేయండి, ఎలుకలు దూరతాయి.