కడుపుతో ఉన్న అమ్మాయికి ఎండ ఏ వేళ, ఎంతసేపు: బెంగళూరు మేడమీద నేర్చుకున్నది

మా అమ్మాయికి అయిదో నెలలో రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి మిల్లీలీటరు రక్తానికి 11 నానోగ్రాములని వచ్చింది. 20కి తక్కువైతే లోపం కింద లెక్క. ఆ కాగితం చూసి నాకు నోట మాట రాలేదు. చిత్తూరు నుంచి నేనొచ్చి అప్పటికి రెండు నెలలు. వచ్చిన మర్నాటి నుంచీ దాన్ని పొద్దున ఆరున్నరకల్లా లేపి ఎండలో కూర్చోబెడుతున్నది నేనే. లేత ఎండ ఒంటికి మంచిదని మా అమ్మ నాకు చెప్పింది, ముప్పై ఏళ్లు బళ్లో నేను పిల్లలకు చెప్పాను. ఇంతకీ కూర్చోబెట్టింది ఎక్కడ? బెంగళూరు హొరమావులో వాళ్ల నాలుగో అంతస్తు ఫ్లాటులో, హాలు అద్దాల తలుపు వెనకాల. బయట చలిగాలి కొడుతోందని తలుపు వేసేదాన్ని.

రెండు పొరపాట్లు ఒకేసారి చేశాను. మొదటిది అద్దం. మన చర్మంలో విటమిన్ డి తయారయ్యేది ఎండలోని యూవీ-బి కిరణాల వల్ల. మామూలు కిటికీ అద్దం వాటిని దాదాపు మొత్తం ఆపేస్తుంది. వెలుతురొస్తుంది, వెచ్చగా ఉంటుంది, కావలసింది మాత్రం రాదు. కారు అద్దమైనా అంతే. రెండోది వేళ. పొద్దున్నే సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు కిరణాలు గాలిపొరలో చాలా దూరం నడిచి రావాలి, ఆ దారిలోనే యూవీ-బి ఓజోనులో ఇంకిపోతుంది. తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చర్మంలో విటమిన్ డిగా మారే ముడిపదార్థాన్నే తీసుకుని, రోజులో వేర్వేరు వేళల్లో ఎండలో పెట్టి చూసింది. ఏడాది పొడుగునా పదకొండు నుంచి రెండు గంటల మధ్యే అది ఎక్కువగా మారింది. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తిరుపతి, బెంగళూరు, చెన్నై మూడూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క మనకు సరిపోతుంది.

పద్ధతి చెప్పేముందు, ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. బిడ్డకు విటమిన్ డి తల్లి రక్తం నుంచే, మాయ గుండా అందుతుంది. తల్లి దగ్గర లేకపోతే బిడ్డకూ లేదు. బాగా లోపమున్న తల్లులకు పుట్టిన పసికందుల్లో కాల్షియం పడిపోయి ఫిట్స్ రావడం, తర్వాత ఎముకలు మెత్తబడి రికెట్స్ రావడం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇంకా తర్వాతి సంగతులు మైసూరులో చూశారు. అక్కడ గర్భిణులను పరీక్షిస్తే మూడింట రెండొంతుల మందికి విటమిన్ డి తక్కువుంది. ఆ పిల్లలను తొమ్మిదిన్నరేళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. లోపమున్న తల్లుల పిల్లలకు చేతి కండ తక్కువగా, ఇన్సులిన్‌ను ఒళ్లు పట్టించుకోని గుణం కాస్త ఎక్కువగా కనిపించాయి. ముందు ముందు షుగరుకు దారితీసే గుణం అది. మైసూరు మనకు నాలుగు గంటల దూరం కూడా లేదు, అందుకే నాకు అది బాగా తగిలింది.

చలిదేశాల్లో ఇంకోటి గమనించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని, నరాల మీది పొరను మన రోగనిరోధక శక్తే తినేసే జబ్బు. కెనడా, బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో ఆ జబ్బున్న 42,045 మంది పుట్టిన నెలలు చూస్తే మే నెలవాళ్లు ఎక్కువ, నవంబరు వాళ్లు తక్కువ. 2005లో వచ్చిన లెక్క ఇది. మేలో పుట్టినవాళ్ల తల్లులు అక్కడి చీకటి చలికాలమంతా కడుపుతో గడిపినవాళ్లు. ఆస్ట్రేలియాలో ఋతువులు తలకిందులు కదా, అక్కడ నవంబరు, డిసెంబరుల్లో పుట్టినవాళ్లకు ముప్పు ఎక్కువని 2010లో తేల్చారు. ఈ నెలల లెక్కలో ఇతర కారణాలు కలిసిపోయి ఉండొచ్చని తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు, ఆ మాటా నిజమే. అయితే ఫిన్లాండులో గర్భిణుల రక్తాన్ని ఏళ్ల తరబడి దాచి ఉంచారు. 2016లో దాన్ని పరీక్షిస్తే, విటమిన్ డి 12కు తక్కువున్న తల్లుల పిల్లలకు ఆ జబ్బు దాదాపు రెండింతలు కనిపించింది. మా అమ్మాయి అంకె 11. గుండె ఝల్లుమంది. తర్వాత నిదానంగా ఆలోచించుకున్నాను. అసలే అరుదైన జబ్బు, రెండింతలైనా అరుదే. ఆస్తమా సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో గర్భిణులకు రోజుకు 4,400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి చూశారు, పిల్లలకు ఆరేళ్లు వచ్చేసరికి ఏ తేడా మిగల్లేదు. కాబట్టి ఎండ అన్ని రోగాలకూ మందని ఎవరైనా చెబితే నమ్మకండి. లోపం ఉండకూడదు, అంతవరకే.

పుట్టే నెల గురించి మన ఊళ్లో బెంగ అక్కర్లేదు. చీకటి చలికాలం మనకు లేదు. మనకు అడ్డం వచ్చేది పక్క బిల్డింగు, ఆఫీసు గంటలు, గొడుగు, నల్లబడతామన్న భయం.

ఇప్పుడు పద్ధతి. ముందు ఎండ ఎక్కడ పడుతుందో కనిపెట్టండి. మా బాల్కనీ తూర్పు ముఖమే, కానీ ఎదుట ఆరంతస్తుల గోడ. మేడ మీదికి పోదామంటే తలుపుకు తాళం. పిల్లలు ఆడుకుంటున్నారని, నీళ్ల ట్యాంకులున్నాయని బిల్డింగు చూసుకునేవాళ్లు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లు. రెండుసార్లు అడిగినా లేదన్నారు. మూడోసారి డాక్టరమ్మ చీటీ పట్టుకుపోయి, రోజూ నలభై నిమిషాలు తెరవండి, తాళంచెవి నేనే తెచ్చిస్తాను అన్నాక ఒప్పుకున్నారు. మీకూ ఇదే ఇబ్బందైతే ఊరికే అడగకండి, వేళ చెప్పి అడగండి.

మేడెక్కాక తొమ్మిది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి ముగ్గుపిండితో నేల మీద గీత గీశాను, ట్యాంకు నీడ ఎక్కడిదాకా ఉందో. మర్నాడు కుర్చీ ఎక్కడ వెయ్యాలో దానంతటదే తేలిపోయింది. వడియాలు పెట్టినవాళ్లకు ఈ పని చెప్పక్కర్లేదు, చాప ఏ వేళకు ఎటు జరపాలో చేతికే తెలుసు.

గడియారం కన్నా నీడను చూడండి. తిన్నగా నిలబడితే మీ నీడ మీకన్నా పొట్టిగా ఉండాలి. పొడుగ్గా ఉంటే యూవీ-బి బాగా తక్కువ. బెంగళూరులో ఏప్రిల్‌లో తొమ్మిదింపావుకే నీడ మన ఎత్తుకు దిగుతుంది, డిసెంబరులో పదిన్నర దాటాలి. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మిట్టమధ్యాహ్నం నీడ కాళ్లకిందే ఉంటుంది. ఆ నెలల్లో పన్నెండుకు ఎండలోకి పోకండి, తొమ్మిదిన్నర, పది మధ్య ముగించండి. చలికాలంలో పదకొండు, పదకొండున్నర హాయిగా ఉంటుంది. చెన్నైలో సూర్యుడు ఓ పది నిమిషాలు ముందుంటాడు, ఉక్కపోత మాత్రం చాలా ఎక్కువ, అక్కడ ఇంకా తొందరపడాలి.

ఎంతసేపన్నది ఒంటి రంగును బట్టి. చామనఛాయ, నలుపు వాళ్లకు తెల్లవాళ్ల కన్నా ఎక్కువసేపు కావాలి. మేము పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి అయిదు రోజులు ఇరవై నిమిషాల దాకా పోయాం. చర్మం చురుక్కుమనేదాకా ఎప్పుడూ ఉండనివ్వలేదు. మోచేతుల పైదాకా చేతులు, మోకాళ్ల కింద కాళ్లు, మెడ వెనక ఎండకు ఇచ్చి, ముఖానికి టోపీ పెట్టేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఎండకు ముఖాన మంగు మచ్చలు తొందరగా వస్తాయి. విటమిన్ డి కోసం ముఖం మాడ్చుకోనవసరం లేదు, చేతులూ కాళ్లూ చాలు. “అమ్మా, నల్లబడితే?” అని అది రెండు రోజులు గొణిగింది. నలుపు పోతుంది, బిడ్డ ఎముక మళ్లీ రాదు అన్నాను. తల్లి ఎండలో కూర్చుంటే బిడ్డ నల్లగా పుట్టడం అనేదీ లేదు.

కుర్చీలో కూర్చోవాలి, వెల్లకిలా పడుకోకూడదు. నెలలు నిండేకొద్దీ గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. పక్కనే మజ్జిగో నీళ్లో ఉండాలి, ఒక్కదాన్నీ మేడ మీద వదలకూడదు. తల తేలికైనా, గుండె దడగా ఉన్నా వెంటనే నీడకు రావాలి. ఎండ ఎక్కువైతే రక్తంలో ఫోలేటు అనే విటమిన్ తరిగే అవకాశముంది, అందుకే దాన్ని ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ మాత్ర మానకూడదు.

ఎండ ఒక్కటే చాలదని కూడా తెలుసుకోండి. 11 ఉన్న మనిషి ఎండతోనే పైకి రావాలంటే ఆలస్యమవుతుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ మబ్బులు వేరే. డాక్టరమ్మ మాత్రలు రాసింది, భోజనం చేసిన వెంటనే వేసుకోమంది, నూనె, నెయ్యి ఉన్న తిండితో ఆ విటమిన్ బాగా ఒంటబడుతుంది. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే వేళకు వేసుకోవద్దంది. మామూలుగా రోజుకు కావలసింది 600 యూనిట్లని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో చెప్పింది. మందుల షాపులో 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు అడిగితే ఇచ్చేస్తారు. అవి సొంతంగా వేసుకోకండి, లోపం ఎంతో చూసి డాక్టరే చెప్పాలి. ఎనిమిదో నెలలో మళ్లీ పరీక్ష చేయిస్తే 27 వచ్చింది. మాత్ర వల్ల ఎంత, మేడ వల్ల ఎంత అని నేను విడదీయలేను.

కాన్పయ్యాక తల్లిబిడ్డలను నలభై రోజులు తలుపులు మూసిన గదిలో ఉంచడం మా వైపు ఇంకా ఉంది. తలుపు తెరవండి. అయితే పసిబిడ్డను ఈ ఎండలో పెట్టొద్దు, ఆ చర్మం తట్టుకోదు. తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ కాబట్టి పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వెయ్యమంటారు పిల్లల డాక్టర్లు. సీసా మీది అంకె చదివి వెయ్యండి. మేము కొన్నదాంట్లో ఒక మిల్లీలీటరుకు 400, వియ్యపురాలు తెచ్చినదాంట్లో 800. రెండింటి డ్రాపరూ చూడ్డానికి ఒకటే. రెండో సీసా నుంచి అర మిల్లీలీటరే వెయ్యాలి.