ఎపిసోడ్ సాగదీతగా ఉందా? మాటల్లేని సీన్ల జోలికి పోకండి

లక్షణం: స్క్రిప్టు చదివితే బాగుంది, ఎడిటింగ్‌లో చూస్తే మధ్యలో పది నిమిషాలు కదలట్లేదు. వెంటనే అందరూ మాటల్లేని సీన్లు కోసేస్తారు. తండ్రి వాకిట్లో ఒక్కడే కూర్చున్న షాట్ పోతుంది. ఎపిసోడ్‌లో సాగదీత అలాగే ఉంటుంది, ఆ మనిషి మీద మమకారం మాత్రం పోతుంది.

కోసే ముందు సీన్ల జాబితా తీయండి. ఒక్కో సీన్ పక్కన, అది అయ్యేసరికి ఏం మారిందో ఒక్క ముక్క రాయండి. వరుసగా రెండు చోట్ల రాయడానికి ఏమీ దొరకకపోతే కథ ఆగింది అక్కడే. పావుగంట పని, అయినా ఎవరూ చేయరు.

ఈ పరీక్షకు కూడా చిక్కని కారణం ఒకటుంది: ప్రేక్షకుడు కళ్లారా చూసిందాన్నే ఒక పాత్ర ఇంకో పాత్రకు చెప్పడం. కాగితం మీద 'భార్యకు తెలిసింది' అనే మార్పు కనబడుతుంది. చూసేవాళ్లకు అది పాత సంగతే. నటులు ప్రాణం పెట్టి చేస్తారు కాబట్టి ఆ సీన్ మీద ఎవరికీ అనుమానం రాదు.

ఉదాహరణకు 22 నిమిషాల ఎపిసోడ్. 4వ సీన్ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్. రైతు 20 బస్తాల తేజ మిర్చి తెచ్చాడు, సుమారు 8 క్వింటాళ్లు. క్వింటాలుకు 18 వేలు వస్తుందనుకుంటే 14 వేలకే పోయింది. 32 వేలు తక్కువ, అదీ బిడ్డ లగ్గానికి అనుకున్న పైసల్లో. 7వ సీన్‌లో ఇదంతా భార్యకు చెప్తాడు, 3 నిమిషాలు. 9వ సీన్‌లో ఆమె తమ్ముడికి ఫోన్‌లో చెప్తుంది, ఇంకో 2.

9 తీసేయండి. 7 ఉంచి, తిరగరాయండి. "గింత పొద్దువోయిందేంది?" అని ఆమె అడుగుతుంది. "కాంటా లేటయింది" అని కాళ్లు కడుక్కోను పోతాడు. దండెం మీద అంగీ, జేబులో తక్‌పట్టి, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ. ఆమె తీసి అంకెలు చూస్తుంది, ఉన్న మడతల్లోనే మడిచి అదే జేబులో పెడుతుంది. అన్నం వడ్డిస్తుంది. తీసేసిన 9 స్థానంలో కొత్త సీన్, తెల్లారి: ఆమె చెవులకు కమ్మలు లేవు. అతను చూస్తాడు.

ఈ 7వ సీన్ మునుపటికంటే నెమ్మది. అయినా కథ నడుస్తుంది, ఎందుకంటే తనకు తెలుసని ఆమె ఎప్పుడు బయటపడుతుందా అని చూసేవాళ్లు కాచుకుని ఉంటారు.

స్క్రిప్టులో "నీకో సంగతి చెప్పాలె", "పొద్దున ఏమైందంటే" లాంటి మాటలు వెతకండి. చెప్పక తప్పని చోట, చెప్పడం అయిపోయాకే సీన్ మొదలుపెట్టండి. డైలీ సీరియల్‌లో నిన్న చూడనివాళ్ల కోసం గుర్తుచేయాల్సిందే. దానికి కొట్లాటలో దొర్లే ఒక్క మాట చాలు, సీన్ అక్కర్లేదు.

మలుపు మీద మలుపు వస్తున్నా ఎవరికీ పట్టట్లేదంటే జబ్బు వేరు: దెబ్బ తిన్న మనిషిని చూసే వ్యవధి ఇవ్వలేదు. పెద్ద మలుపు తర్వాత కొత్త కబురు లేని సీన్ ఒకటి పెట్టండి, ఒకటిన్నర నిమిషం లోపు.

నేపథ్య సంగీతం, కెమెరా నెమ్మదితనం అరుదైన కారణాలు, చివర్లో చూసుకోవచ్చు.

సరిచేశాక, స్క్రిప్టు చదవని మనిషికి మధ్యలో ఆపకుండా చూపించండి. ఎన్నో నిమిషంలో ఫోన్ చేతిలోకి తీసుకున్నారో రాసుకోండి. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు, దానికి ముందు రెండు సీన్లలో వెతకండి.